ఏ ఇంట్లో ఆగింది?

పోయిన వారం త్రివేణిని పీర్జాదిగూడలో, నరేందర్ గుమ్మం ముందు, ఎండలో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారమంతా అక్కడే నిలబడి ఉంటుందని బెంగపడకండి, ఇవాళ కదిలిస్తాను. ఆ రోజు తెలంగాణ బంద్. బస్సులు డిపో గేటు దాటలేదు. నాచారం నుంచి కొంత నడిచి, కొంత దొరికిన ఆటో ఎక్కి ఆమె వెళ్లింది ఒక్కటే అడగడానికి: "నా పెండ్లి ఆపింది నువ్వేనా బావా?" నరేందర్, చనిపోయిన ఆమె భర్త మహిపాల్‌కు వరసకు అన్న. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవడమేంటని నలుగురిలో మూతి విరిచిన మనిషి. ఆపితే అతనే ఆపాలి. కానీ అతను తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేశాడు. "నాకు ఇష్టం లేదు, ఆ మాట నీ మొఖం మీదనే చెప్తున్న. గాని దీపావళికి ముందే మా ఇంటి కుడుక చక్కెర నింపి పంపిన. నన్నెందుకు బదనాం జేస్తున్నవ్?"

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఈ కుడుక సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ముప్పై ఏళ్ల కింద ఫ్యాక్టరీ పనుల కోసం జనగామ దిక్కు నుంచి వచ్చిన మహిపాల్ వంశపు అన్నదమ్ముల సంతానానికి ఇప్పుడు ఐదిళ్లు. ఒకటి చెంగిచెర్లలో, ఒకటి పీర్జాదిగూడలో, ఒకటి బోడుప్పల్‌లో, ఒకటి జవహర్‌నగర్‌లో, ఒకటి నాచారంలో. ఊరు వదిలినా ఒక్క ఆచారం మాత్రం వదలలేదు. ఇంట్లో పెళ్లి అనుకుంటే ఆ ఇంటి పెద్ద సంబంధం పేరు చెప్పి, ఇంటికో పసుపు రాసిన ఎండుకొబ్బరి చిప్ప, అంటే కుడుక, పంపాలి. ఒప్పుకున్న ఇల్లు అందులో చక్కెర నింపి అందరికన్నా పెద్దవాడైన చంద్రయ్య దగ్గరికి చేరుస్తుంది. ఒప్పుకోని ఇల్లు ఏమీ అనదు. ఊరికే పంపడం మానేస్తుంది, అంతే. ఎవరు పంపలేదో చంద్రయ్య చచ్చినా చెప్పడు. చెబితే అన్నదమ్ముల మధ్య కత్తులు లేస్తాయని పెద్దలు అలా కట్టు పెట్టారు. త్రివేణి పెళ్లికి ఒక్క కుడుక తక్కువైంది. నాలుగు నెలలుగా ముహూర్తం లేదు, కాదన్న మాటా లేదు.

నరేందర్ ఇంటి నుంచి బయటికొచ్చాక త్రివేణికి కాళ్లు ఎటు పడుతున్నాయో తెలియలేదు. కోపమంతా ఒక మనిషి మీద పెట్టుకుని బతుకుతున్నప్పుడు ఒక సుఖం ఉంటుంది. ఆ మనిషి కాదని తేలితే ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదు. బోడుప్పల్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. చున్నీ తలకు కప్పుకుని ఆమె చెంగిచెర్ల దారి పట్టింది.

ధర్మేందర్ ఫోన్ చేశాడు. ఆ పేరు తెర మీద కనబడితే చాలు, ముప్పై మూడేళ్ల ఆడదానికి ఇంటర్ చదివే పిల్లలాగా గుండె గబగబా కొట్టుకోవాలా? కొట్టుకుంటుంది మరి, ఏం చేస్తాం! నాచారం పాత ఊరి మనిషి అతను. మహిపాల్ పనిచేసిన ప్లాస్టిక్ అచ్చుల ఫ్యాక్టరీలోనే మెషీన్ ఆపరేటర్. ఐదేళ్ల కింద మహిపాల్ పొద్దున మొదటి షిఫ్టుకు బండి మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయినప్పటి నుంచి ఆ ఇంటికి వస్తూనే ఉన్నాడు. గ్యాస్ బండ మోశాడు. కుళాయి బాగు చేశాడు. త్రివేణి అత్త దుర్గమ్మకు జ్వరమొస్తే దవాఖానాకు ఆటోలో ఎత్తుకుపోయాడు. ఇన్నేళ్లలో గడప లోపల కుర్చీ వేస్తే తప్ప కూర్చోలేదు. అతన్ని చూసి చూసి, దసరా తర్వాత ఒక రోజు దుర్గమ్మే కోడలితో అంది: "ఆ పిలగాని పేరు చెప్త. నా కొడుకు పోయిండు, నువ్వు పోలేదు గదా." ఏ అత్త అంటుందండీ ఆ మాట! ఆ రాత్రి త్రివేణి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందులో దుఃఖమెంతో సంతోషమెంతో ఆమెకే తెలియలేదు.

"యాడున్నవ్?" అన్నాడు ధర్మేందర్.

"బోడుప్పల్ దాటిన. చంద్రయ్య మామ దగ్గరికి పోతున్న."

"గింత ఎండలనా? నేను రానా బండేసుకొని?"

"వద్దు. నువ్వొస్తే ఆయన నోరిప్పడు."

అతని ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరి వింటూ ఆమె నడిచింది. తర్వాత అతను గొంతు తగ్గించి అన్నాడు. "త్రివేణీ, ఆదివారం మీ ఐదిండ్ల పాలోళ్లందరు కొమురవెల్లి జాతర పోతున్నరట. ఆ రోజు ఎవ్వరుండరు. గుడిల దండలు మార్చుకుందాం. వచ్చినంక తిడితే తిట్టనీ."

ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ ఎత్తు ఆమెకు కొత్త కాదు. మీకు గుర్తుందో లేదో, త్రివేణి హబ్సిగూడలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. అమెరికా సభల ఆడియోలు చెవిలో పెట్టుకుని, విన్నది విన్నట్టు టైపు చెయ్యడమే పని. మూడేళ్లుగా అక్కడి సెనేట్ ఆమె చెవుల్లోనే కాపురముంటోంది.

"అమెరికాల గూడ గిట్లనే చేస్తరు," అంది. "పెద్ద పెద్ద కొలువులకు ప్రెసిడెంటు పేరు చెప్తడు. సెనేట్ ఒప్పుకుంటెనే కొలువు. సెనేట్ ఒప్పుకోకుంట నానబెట్టిందనుకో, వాళ్లు సెలవుల మీద ఇండ్లకు పోయినప్పుడు ప్రెసిడెంటు తనంతట తనే కూసోబెడ్తడు."

"మరింకేంది! మనం గూడ కూసుందాం."

"ఆ కుర్సీ ఖాయం కాదు. ఆ తర్వాత సమావేశాలు ఒడిసేదాకనే. అటెన్క లేసి పోవాలె. ధర్మేందర్, నాకు అసొంటి పెండ్లి వద్దు. నేను నలుగురు ఒప్పుకొని పంపితే పోవాలె. మల్లా మా అత్తమ్మను సూడనీకి ఎప్పుడు రావాల్నంటే అప్పుడు, తల దించుకోకుంట రావాలె."

"నాకు నీ అమెరికా తెల్వది," అన్నాడతను. "పొద్దున లేస్తే నువ్వు కనబడాలె. గంతే నాకు కావాల్సింది. పొద్దుగూకినంక ఇంటికొస్త. అత్తమ్మ కాళ్లు మొక్కి నేనే అడుగుత, ఎన్ని రోజులు గిట్ల అని."

ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే ఉంచుకుని చాలా దూరం నడిచింది. పొద్దున లేస్తే కనబడాలట. ఆమెకూ అదే కావాలి. అతని వెనక బండి మీద కూర్చుని ఉప్పల్ దాకా వెళ్లి మిర్చి బజ్జీ తిని రావాలి. చేతికి అంటిన గ్రీజు పోలేదని అతన్ని కసరాలి. కోరికలు ఎంత చిన్నవో చూడండి. ఇంత చిన్నవి కూడా తీరడానికి ఐదిళ్ల చక్కెర కావలసి వచ్చింది.

చంద్రయ్య ఇంటి ముందు వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ కొత్త కాలనీలు లేచి, ఆయన పెంకుటిల్లు వాటి మధ్య ఇరుక్కుపోయింది. కోడల్ని చూడగానే ఎందుకొచ్చిందో అర్థమై ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి వెళ్లింది.

"బంద్ నాడు గింత దూరం ఏంది బిడ్డా?"

"మామా, ఎవరింట్ల ఆగింది?"

"గది అడగొద్దు."

"నేను సావాలె గని అడగొద్దా?"

"సావు మాటలెందుకే!" అని ఆయన కసిరాడు. "నా నాయిన పెట్టిన కట్టుబాటది. ఒకసారి పేరు చెప్పిన్నంటే రేపు పొద్దున వీని పీనుగకు వాడు రాడు. నాకు ఐదిండ్లు ఒక్కటే."

త్రివేణి మంచం కోడు దగ్గర కింద కూర్చుంది. అరవడం వల్ల లాభం లేదని ఆమెకు తెలుసు. పీర్జాదిగూడలో అరిచి చూసింది గదా. "మామా, నేను ఆఫీసుల ఒక కథ రాస్తున్న, చెప్పన్నా?" అంది.

"కథనా?"

"అమెరికాల గూడ మీ అసొంటి కట్టుబాటే ఉండె. ఒకామె పేరు చెప్పిండు ప్రెసిడెంటు, ఒక పెద్ద కొలువుకు. కమిటీ ముందర కూసోబెట్టి అడిగేటివి అడిగిన్రు. ఆమె జవాబులు చెప్పింది. కమిటీ సై అన్నది. ఇగ అందరు కూడి చేతులెత్తుడే మిగిలింది. సగం మీద ఒక్కరు ఎక్కువున్నా చాలు. గంతల్నే లోపల్నించి ఒకాయన మెల్లగ వాళ్ల పెద్దాయన చెవుల చెప్పిండట, ఆపుండ్రి అని. గంతే, ఆగింది. ఎవరు చెప్పిన్రో తెల్వదు. ఆమె చేసే కొలువు ఇడిసిపెట్టి, ఈ కొలువు రాక, నెలలకు నెలలు ఇంట్ల కూసున్నది. నేను ఆమె మాటలు టైపు జేస్తుంటె నాకే ఏడుపొచ్చింది మామా. ఆమె గొంతు నా గొంతు లెక్కనే ఉండె."

చంద్రయ్య ఆసక్తిగా ముందుకు వంగాడు. "మరి గంత చదువుకున్నోళ్లు గూడ చాటుకు ఆపుతరా?"

"మస్తు మంది. ఆపినోళ్లందరికి ఆ మనిషి వద్దని గాదు మామా. కొంతమందికి ఏదో ఒక సవాలుకు జవాబు కావాలె. జవాబు దొరికేదాక ఇడువరు. గిప్పుడు మొన్న జనవరిల కొత్త కట్టుబాటు పెట్టుకున్నరు. ఆపినోడు సభ నడిచే రెండు రోజులల్ల పేరు బయటపెట్టాలె అని. అంత పెద్ద దేశం మార్చుకున్నది, మనం ఐదిండ్లోళ్లం మార్చుకోలేమా?"

"వాళ్లు పేరు చెప్పుకొని కొట్టుకున్నా ఎవరిండ్లల్ల వాళ్లుంటరు. మనం కొట్టుకుంటే పీనుగ మోయనీకి నలుగురు దొరకరు," అన్నాడు చంద్రయ్య. అన్నాడే గానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

త్రివేణి చెయ్యి చాచి ఆయన మోకాలు పట్టుకుంది. "మంచిది మామా. ఎవరిది రాలేదో చెప్పొద్దు. మరి ఎవరిది వచ్చిందో చెప్పొద్దని మీ నాయిన అన్నడా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆ ప్రశ్న డెబ్భై ఏళ్లలో ఆయన్ను ఎవరూ అడగలేదు. "అనలేదు," అన్నాడు చివరికి.

"నరేందర్ బావది?"

"వచ్చింది."

"జవహర్‌నగర్ రాజ్యం చిన్నత్తది?"

"ఎప్పుడో వచ్చింది. సంతోషపడి రెండు గుప్పెళ్లు ఎక్కువ పోసింది."

"బోడుప్పల్ల పరంధామయ్య బాపుది?"

"వచ్చింది."

మిగిలింది ఎదుట ఉన్న మనిషే. చిన్నప్పుడు మహిపాల్‌ను భుజాల మీద మోసిన మనిషి. "మీదేనా మామా? మీరే ఆపిన్రా?"

"నేనా?" చంద్రయ్య మంచం మీంచి లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "థూ, నా బతుకు! నీ మంచికి నేను అడ్డం పడుతనా? అందరికంటె ముందు మా ఇంటిదే నింపిన."

"నాలుగు వచ్చినయి. మరి ఇంకేం ఆగింది? ఎందుకు ఆగింది?"

ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. లోపలికి చూసి "చాయ పెట్టు" అని భార్యను కేకేశాడు. ఎటూ తోచక మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. అప్పుడు, ఆమె వైపు చూడకుండా, చాలా నెమ్మదిగా అన్నాడు. "ఐదిండ్లు గదా బిడ్డా మనవి. నీ ఇల్లు లెక్కవెట్టుకోవేంది?"

మొదట త్రివేణికి అర్థం కాలేదు. ఆమె ఇల్లంటే దుర్గమ్మ ఇల్లు. పేరు చెప్పిందే దుర్గమ్మ. నాలుగిళ్లకూ స్వయంగా తిరిగి కుడుకలు పంచిందే దుర్గమ్మ. పేరు చెప్పిన ఇల్లు కూడా తన కుడుక నింపాలి, అది ఆచారమే. కానీ అన్నం పెట్టే చెయ్యి అడ్డుపడుతుందని ఎవరనుకుంటారు? నాలుగు నెలలుగా ఊళ్లో అందరినీ అనుమానించింది, ఒక్క ఆ ఇంటిని తప్ప. చాయ రాకముందే ఆమె లేచి వచ్చేసింది. వెనక నుంచి చంద్రయ్య ఏదో అంటున్నాడు. వినలేదు.

నాచారం చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది. దుర్గమ్మ వాకిట్లో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కోడలి మొహం చూసి ఆమె చేతులు ఆగిపోయాయి. అయినా ఎప్పటిలాగానే అడిగింది. "వచ్చినవా? అన్నం తిన్నవా?"

దారి పొడుగునా త్రివేణి ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది. నమ్మించి గొంతు కోసినవ్ అనాలనుకుంది. ఆ అన్నం మాట వినేసరికి అవన్నీ ఎక్కడికి పోయాయో! గోడకు జారబడి కూర్చుని, చిన్నపిల్లలాగా వెక్కుతూ అడిగింది. "అత్తమ్మా, నువ్వేనా?"

దుర్గమ్మ బుకాయించలేదు. చేట పక్కకు జరిపింది. "ఔ బిడ్డా. నేనే."

"నేను పోతే నువ్వు ఒక్కదానివే అయిపోతవని ఆపినవా? గట్ల చెప్తే నేను పోతుంటినా అత్తమ్మా? పక్కనే రూం తీసుకుందామని ఆయన ఎన్నిసార్లు అనలేదు?"

"గదీ ఉండె," అంది దుర్గమ్మ. "అబద్ధమెందుకు చెప్పాలె. నువ్వు పోతే పొద్దున లేసి ఎవర్ని పిలవాలె అని మస్తు ఏడ్చిన. నువ్వు తల దువ్వుకుంటుంటె సూస్త, మా వాడు నీ ఎన్క నిలబడి అద్దంల సూసుకున్నట్టే ఉంటది నాకు. నువ్వు పోతే వాడు గూడ పోతడనిపించింది. గాని గందుకు ఆపలె. గందుకే ఆపేదాన్నయితే పేరెందుకు చెప్త?"

"మరెందుకు?"

దుర్గమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వీధి వైపు చూసింది. చెప్పాలా వద్దా అన్న సందేహం ఆమె మొహంలో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. "కుడుకలు పంచి వచ్చినంక ఈరమ్మ వచ్చింది మనింటికి. ఆ పిలగాని తల్లి. సంబంధం కుదిరిందని సంబురంగ వచ్చింది, పాపం. నా చేతులు పట్టుకొని అన్నది: మా వాని బదులు మీ వాడు పోయిండు, మా వాడు ఆ రుణం ఉంచుకోడు అక్కా అని. నాకు తెలుసనుకున్నది ఆమె."

"ఏం తెలుసని?"

"బిడ్డా, పోయిన నాడు మహిపాల్‌కు సెలవు. నువ్వు నిద్ర లేవకముందే పోయిండు గదా, సెలవు నాడు పనేంది అని నేనంటే నాకు చెప్పిండు, దోస్తు అడిగిండు అమ్మా, వాని బదులు నేను పోతున్న అని. ఏ దోస్తో చెప్పలే. ఆ పొద్దటి షిఫ్టు ధర్మేందర్‌ది."

త్రివేణి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఐదేళ్లు మోసిన గ్యాస్ బండలు, గడప బయటే నిలబడ్డ ఆ మర్యాద, పొద్దున లేస్తే నువ్వు కనబడాలె అన్న ఆ గొంతు, అన్నీ కళ్ల ముందే ఉన్నాయి. వాటిలో ఏది ప్రేమ, ఏది అపరాధం? తను నాలుగు నెలలుగా ఎదురుచూసింది ఎవరి కోసం?

"తప్పు వానిది గాదు, నాకెరుకే," అంది దుర్గమ్మ. "బదులు పొమ్మన్నోడు సంపినట్టు గాదు. గాని ఐదేండ్లు నా చేతి కూడు తిన్నడు, ఒక్కసారన్నా చెప్పలేదు గదా నాతోని. చెప్పనోన్ని ఎట్ల పంపాలె నీ ఎంట? కాదనబుద్ధి గాలే, నువ్వు సచ్చిపోతవని. సై అనబుద్ధి గాలే. గందుకే ఊకున్న. వాన్ని ఎదురుంగ కూసోబెట్టి ఒక్కటి అడగాలె నేను. జవాబు ఇన్నంక నా సక్కెర నేను పోస్త."

గల్లీ మలుపులో బండి చప్పుడైంది. ఆ చప్పుడు త్రివేణికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. రోజూ అది వినబడగానే ఆమె జడ సర్దుకునేది. ఇవాళ చెయ్యి లేవలేదు. బండి గేటు ముందు ఆగింది. ధర్మేందర్ గొంతు నెమ్మదిగా పిలిచింది. "అత్తమ్మా, నేను. లోపలికి రానా?"

దుర్గమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నేను అడగాల్నా బిడ్డా, నువ్వే అడుగుతవా?"